హాలీ 4160 కార్బొరేటర్‌ని విప్పి, కట్టి, సెట్ చేసుకోవడం ఎలా: పాత వీ8 మజిల్ కార్లకి పూర్తి మార్గదర్శి

అమెరికాలో పాత కమారో, నోవా, షెవెల్ కొనుక్కుని గరాజ్‌లో పెట్టుకున్న మనవాళ్ళు తరచూ అడిగే మాట ఒకటి ఉంది: "కొత్త కిట్ వేశాను, అయినా ఐడిలింగ్ నిలబడటం లేదు. ఇంకేం చెయ్యాలి?" ఇలాంటప్పుడు కిట్‌లో (కొత్త గాస్కెట్లు, డయాఫ్రమ్‌లు ఉండే మరమ్మతు ప్యాకెట్‌లో) లోపం ఉండటం అరుదు. చాలావరకు పని చేసిన వరుసలోనే తేడా ఉంటుంది. కార్బొరేటర్ పనిలో ఏ స్క్రూ తిప్పాలన్నదానికంటే దేని తర్వాత ఏది తిప్పాలన్నదే ముఖ్యం.

ఇక్కడ చెప్పేదంతా ఒక జత గురించే: షెవ్రొలే 350 క్యూబిక్ అంగుళాల స్మాల్ బ్లాక్ ఇంజన్, దాని మీద హాలీ 4160 రకం కార్బొరేటర్ (లిస్ట్ నంబర్ 1850; 600 సీఎఫ్ఎం, అంటే నిమిషానికి 600 ఘనపుటడుగుల గాలి; వ్యాక్యూమ్ సెకండరీలు, అంటే ముందున్న రెండు ప్రైమరీ గొంతుల తర్వాత వ్యాక్యూమ్‌తో తెరుచుకునే వెనక రెండు గొంతులు). 4150 రకం డబుల్ పంపర్ (రెండు యాక్సిలరేటర్ పంపులున్నది) ఉన్నవాళ్ళకి కూడా చాలా భాగం పనికొస్తుంది. క్వాడ్రాజెట్ (రోచెస్టర్ వాళ్ళ కార్బొరేటర్) ఉన్నవాళ్ళు మొదటి భాగం చదివి, విప్పే పనికి వేరే చోట వెతుక్కోవడం మంచిది. దాని లోపలి కట్టడమే వేరు.

## 1. ముందు తప్పు కార్బొరేటర్‌దేనా అని తేల్చుకోండి

కార్బొరేటర్ మీద పడే నిందల్లో సగం ఇగ్నిషన్‌వి, మిగతా సగంలో కొంత వ్యాక్యూమ్ లీకులవి. ఇవి సరిచేయకుండా కార్బొరేటర్ తిప్పితే, ఇంకో లోపానికి తగ్గట్టు దాన్ని పాడు చేసినట్టవుతుంది.

కార్బొరేటర్ జోలికి వెళ్ళేముందు ఇవి చూడండి:

- కాంటాక్ట్ పాయింట్లు ఉన్న డెల్కో డిస్ట్రిబ్యూటర్ అయితే డ్వెల్ (పాయింట్లు మూసుకుని ఉండే కోణం) 30 డిగ్రీల దగ్గర ఉందా?
- ప్లగ్గుల గ్యాప్ 0.035 అంగుళాలు ఉందా? వైర్లు 1-8-4-3-6-5-7-2 వరుసలోనే ఉన్నాయా?
- వ్యాక్యూమ్ అడ్వాన్స్ గొట్టం తీసి మూసి, టైమింగ్ లైట్‌తో చూస్తే ఐడిల్‌లో 8 నుంచి 12 డిగ్రీలు, రేజ్ చేసినప్పుడు మొత్తం 34 నుంచి 36 డిగ్రీల దాకా వస్తోందా?
- ఫ్యూయల్ పంప్ ప్రెషర్ 5 నుంచి 7 పీఎస్ఐ మధ్య ఉందా? 7 దాటితే నీడిల్ వాల్వ్ ఆపలేదు, పెట్రోల్ పొంగుతుంది.
- అన్ని సిలిండర్లలో కంప్రెషన్ దగ్గర దగ్గరగా ఉందా?

తర్వాత వ్యాక్యూమ్ గేజ్ పెట్టండి. మానిఫోల్డ్‌కి నేరుగా వెళ్ళే పోర్టుకే పెట్టాలి. మామూలు క్యామ్ ఉన్న ఆరోగ్యమైన 350 ఇంజన్ ఐడిల్‌లో 17 నుంచి 21 అంగుళాల వ్యాక్యూమ్ చూపిస్తుంది. హాట్ క్యామ్ (వాల్వులని ఎక్కువసేపు తెరిచి ఉంచేది) వేసిన ఇంజన్లో 10 నుంచి 14 ఉన్నా లోపం కాదు. ముల్లు ఒకే లయలో టక్ టక్ మని కిందికి పడుతుంటే అది వాల్వ్ సమస్య. కార్బొరేటర్ ఎన్నిసార్లు విప్పినా అది పోదు.

వ్యాక్యూమ్ తక్కువగా ఉంటే లీకు వెతకండి: కార్బొరేటర్ కింది గాస్కెట్, ఇంటేక్ మానిఫోల్డ్ అంచులు, బ్రేక్ బూస్టర్ గొట్టం, పీసీవీ గొట్టం (క్రాంక్‌కేస్ ఆవిరిని ఇంజన్‌లోకి పంపేది), మూతలు లేని పోర్టులు. గొట్టాలను ఒక్కొక్కటిగా నొక్కి పట్టుకుని ఐడిల్ మారుతుందేమో చూడటం అన్నిటికంటే క్షేమం. వేడి ఎగ్జాస్ట్ మీద కార్బ్ క్లీనర్ కొట్టి లీకు వెతికే పద్ధతి వీడియోల్లో బాగా కనిపిస్తుంది. మంటలు లేవడానికి అంతకంటే దగ్గరి దారి లేదు.

## 2. నంబరు చదివి, దానికి తగ్గ కిట్ తెచ్చుకోండి

కార్బొరేటర్ పైభాగంలో, చోక్ పలక చుట్టూ ఉన్న గోడ మీద లిస్ట్ నంబర్ కొట్టి ఉంటుంది. నంబరు తర్వాత గీత పెట్టి ఇంకో అంకె ఉంటే అదీ రాసుకోండి. ఆ చివరి అంకె మారితే లోపలి గాస్కెట్లు మారవచ్చు. "1970 కమారో కిట్" అని అడిగితే వచ్చేది మీ కార్బొరేటర్‌కి సరిపోతుందన్న నమ్మకం లేదు. యాభై ఏళ్ళలో ఆ కారు మీద ఎన్ని కార్బొరేటర్లు మారాయో ఎవరికి తెలుసు!

ఇప్పుడు అమెరికా బంకుల్లో దొరికే గ్యాస్‌లో (అంటే పెట్రోల్‌లో) చాలావరకు 10 శాతం ఇథనాల్ ఉంటుంది. అందుకే దాన్ని తట్టుకునే కిట్టే కొనండి. ఏళ్ళ తరబడి అటక మీద పడున్న పాత కిట్ చవగ్గా వచ్చినా వద్దు. అందులోని రబ్బరు డయాఫ్రమ్‌లు కొద్ది నెలల్లోనే గట్టిపడతాయి.

సైజు సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం. 350 ఇంజన్ 5,500 ఆర్‌పీఎం దగ్గర, సిలిండర్లు నూటికి నూరు శాతం నిండుతాయనుకున్నా, పీల్చేది సుమారు 557 సీఎఫ్ఎం (350 × 5,500 ÷ 3,456). మామూలు ఇంజన్ అంత కూడా నిండదు. 600 సరిపోతుంది. స్టాక్ ఇంజన్ మీద 750 పెడితే పికప్ మందగిస్తుంది తప్ప బలం పెరగదు.

## 3. చోటు, పనిముట్లు

చాలా అమెరికన్ ఇళ్ళలో గ్యాస్ వాటర్ హీటర్ గరాజ్‌లోనే ఉంటుంది. దాని చిన్న మంట ఎప్పుడూ వెలుగుతూనే ఉండవచ్చు. పెట్రోల్ ఆవిరి నేల మీదుగా పాకుతుంది. అలాంటి గరాజ్‌లో ఈ పని చెయ్యొద్దు. కారుని బయటికి తోసుకోండి, కార్బొరేటర్‌ని కూడా బయట బల్ల మీదే విప్పండి.

దగ్గర ఉండాల్సినవి:

- పెట్రోల్ మంటలకి పనికొచ్చే ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, నైట్రైల్ గ్లౌజులు, కళ్ళద్దాలు
- 5/16 నట్ డ్రైవర్, 1/2 అంగుళం స్పానర్, ఫ్యూయల్ లైన్ కోసం ఫ్లేర్ నట్ స్పానర్
- పవర్ వాల్వ్‌కి (లోడ్ పడినప్పుడు అదనపు పెట్రోల్ ఇచ్చేది) 1 అంగుళం సాకెట్
- సెకండరీ మీటరింగ్ ప్లేట్‌కి క్లచ్ హెడ్ బిట్
- జెట్లకి (పెట్రోల్‌ని కొలిచి పంపే రంధ్రమున్న ఇత్తడి ముక్కలు) వెడల్పాటి, అంచు అరగని స్క్రూడ్రైవర్
- ఫీలర్ గేజ్, వ్యాక్యూమ్ గేజ్, టాకోమీటర్
- ప్లాస్టిక్ గీకుడు పలక, ప్లాస్టిక్ సుత్తి
- మఫిన్ ట్రే: ఏ భాగం స్క్రూలు ఆ గుంటలో వెయ్యడానికి

ఈ జాబితాలో జనం దాటేసేది క్లచ్ హెడ్ బిట్. ఆ స్క్రూ తలలు చూడటానికి సీతాకోకచిలుక ఆకారంలో ఉంటాయి. మామూలు స్క్రూడ్రైవర్‌తో ప్రయత్నిస్తే తల అరిగిపోతుంది, తర్వాత డ్రిల్ చెయ్యాల్సి వస్తుంది. బిట్ వచ్చేదాకా పని మొదలుపెట్టకండి.

## 4. కారు మీద నుంచి దించడం

బ్యాటరీ నెగటివ్ తీసేయండి. ఎయిర్ క్లీనర్ తీశాక నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకోండి. ప్రతి వ్యాక్యూమ్ గొట్టానికీ టేప్ చుట్టి, అది ఏ పోర్టుదో రాయండి.

ఫ్యూయల్ లైన్ విప్పేటప్పుడు రెండు స్పానర్లు వాడాలి: ఒకటి లైన్ నట్ మీద, ఇంకోటి కార్బొరేటర్‌లోని ఫిట్టింగ్ మీద. ఒకే స్పానర్‌తో తిప్పితే బౌల్‌లోని (పెట్రోల్ నిలిచే గిన్నెలోని) థ్రెడ్లు పోతాయి. థ్రాటిల్ లింకేజ్, రిటర్న్ స్ప్రింగులు, చోక్ వైరు, టర్బో 350 ఆటోమేటిక్ గేర్ బాక్స్ అయితే కిక్‌డౌన్ కేబుల్ తీసి, నాలుగు నట్లు విప్పి నిలువుగా పైకి ఎత్తండి.

వెంటనే మానిఫోల్డ్ నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కండి. నట్లు, వాషర్లు లెక్కపెట్టుకోండి. ఒకటి తగ్గితే అది దొరికేదాకా ఇంజన్ తిప్పకూడదు.

## 5. విప్పే వరుస

1. ఐడిల్ మిక్స్చర్ స్క్రూలు. ప్రైమరీ మీటరింగ్ బ్లాక్‌కి రెండు పక్కలా ఒక్కొక్కటి ఉంటాయి. ముందు వాటిని మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని రౌండ్లకి ఆగాయో రాసుకోండి. ఆ తర్వాతే బయటికి తియ్యండి.

2. ప్రైమరీ బౌల్. కింద గిన్నె పెట్టి నాలుగు స్క్రూలు తియ్యండి. బౌల్‌ని నేరుగా ముందుకి లాగాలి. రెండు బౌళ్ళని కలిపే సన్నటి ట్రాన్స్‌ఫర్ ట్యూబ్ ఉంటుంది. ఎటైనా వంచితే అది వంగిపోతుంది.

3. మీటరింగ్ బ్లాక్. గాస్కెట్ అతుక్కుని ఉంటే ప్లాస్టిక్ సుత్తితో మెల్లగా తట్టండి. స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తితే సీలింగ్ ముఖం మీద గాటు పడుతుంది. జెట్లు, పవర్ వాల్వ్ తీసి వాటి మీది నంబర్లు రాసుకోండి.

4. సెకండరీ బౌల్, దాని వెనక మీటరింగ్ ప్లేట్. ఆ ఆరు క్లచ్ హెడ్ స్క్రూలు ఇక్కడివే.

5. యాక్సిలరేటర్ పంప్. ప్రైమరీ బౌల్ అడుగున మూత, డయాఫ్రమ్, స్ప్రింగ్.

6. స్క్విర్టర్. కార్బొరేటర్ గొంతులో పెట్రోల్ చిమ్మే ముక్క ఇది. స్క్రూ తీసి పైకెత్తాక, మెయిన్ బాడీని చేతిలోకి తిరగేస్తే దాని కింద ఉండే చిన్న నీడిల్ జారి పడుతుంది. ఇది తియ్యడం మర్చిపోయి కడిగితే చెత్త అంతా దాని కిందే చేరుతుంది.

7. వ్యాక్యూమ్ సెకండరీ డబ్బా. సెకండరీ లివర్ దగ్గర క్లిప్ తీసి, మూడు స్క్రూలు విప్పాలి. లోపల చిన్న చెక్ బాల్ ఉంటుంది, దొర్లిపోకుండా చూసుకోండి.

8. థ్రాటిల్ బాడీ. కింది స్క్రూలు తీసి వేరు చెయ్యండి. థ్రాటిల్ పలకల్ని మాత్రం షాఫ్ట్ నుంచి తియ్యొద్దు. వాటి స్క్రూల చివర్లు కొట్టి బిగించి ఉంటాయి. విరిగితే ఇంట్లో అయ్యే పని కాదు.

బౌళ్ళలోంచి ఫ్లోట్లు, నీడిల్, సీటు కూడా తీసెయ్యండి.

## 6. కడగడం, పరీక్షించడం

లోహపు భాగాల్నే డిప్ ద్రావకంలో వెయ్యాలి. ఫ్లోట్లు, చోక్ టోపీ, డయాఫ్రమ్‌లు, ప్లాస్టిక్ ముక్కలు వెయ్యకూడదు. నానాక వేడి నీళ్ళతో కడిగి, ప్రతి రంధ్రంలోనూ కంప్రెసర్ గాలి కొట్టండి.

రంధ్రాల్లో ఇనప తీగ దూర్చొద్దు. ఆటోనగర్‌లో క్లచ్ వైరు పోగుతో జెట్టు పొడవడం అందరం చూసిందే. అక్కడి సింగిల్ బ్యారెల్ బండ్లు ఎలాగో నడిచేవి. ఇందులో రంధ్రాల కొలత అంగుళంలో వెయ్యో వంతుల్లో ఉంటుంది, ఇత్తడి మెత్తటిది, ఒక్క గీత చాలు కొలత మారడానికి.

అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది ప్రైమరీ మీటరింగ్ బ్లాక్. మిక్స్చర్ స్క్రూ రంధ్రంలో క్లీనర్ కొడితే ఇవతలి రంధ్రాల్లోంచి సన్నగా బయటికి రావాలి. రాకపోతే ఐడిల్ దారి మూసుకుపోయినట్టే. మళ్ళీ నానబెట్టండి. "కిట్ వేశాక కూడా ఐడిల్ లేదు" అన్న ఫిర్యాదుకి చాలాసార్లు మూలం ఇదే.

తర్వాత ఒక్కొక్కటీ చూడండి:

- ఫ్లోట్: ఇత్తడిదైతే చెవి దగ్గర ఊపండి. లోపల పెట్రోల్ చప్పుడైతే కొత్తది వెయ్యాలి. నల్లటి నైట్రోఫిల్ ఫ్లోట్ ఏళ్ళు గడిచే కొద్దీ పెట్రోల్ పీల్చుకుని బరువెక్కుతుంది. అనుమానం ఉంటే మార్చెయ్యడమే.
- సీలింగ్ ముఖాలు: బౌల్, బ్లాక్, మెయిన్ బాడీ ముఖాల మీద స్టీల్ స్కేలు నిలబెట్టి వెనక లైటు పెట్టండి. మధ్యలో వెలుతురు కనిపిస్తే గతంలో ఎవరో అతిగా బిగించి వంచారన్నమాట. కొద్దిపాటి వంపైతే అద్దం మీద సన్నటి ఎమరీ పేపర్ పరిచి సరిచెయ్యవచ్చు.
- థ్రాటిల్ షాఫ్ట్: పట్టుకుని పక్కకి ఊపండి. బాగా ఆడుతుంటే అక్కడి నుంచి గాలి లీకవుతుంది. బుష్ వేయించాలి. అది మెషిన్ షాప్ పని.
- తెల్లటి పొడి: బౌల్ అడుగున ఉంటే తేమ వల్ల లోహం తిన్న గుర్తు. గుంటలు లోతుగా లేకపోతే కడిగి వాడుకోవచ్చు.

## 7. కట్టడం

కొత్త గాస్కెట్‌ని పాతదాని పక్కన పెట్టి రంధ్రాలు పోల్చకుండా ఒక్కటీ వెయ్యొద్దు. ఒక్కో కిట్‌లో నాలుగైదు రకాల కార్బొరేటర్ల గాస్కెట్లు ఉంటాయి. చివర్లో కొన్ని మిగలడం మామూలే. గాస్కెట్లకి సీలెంట్ రాయకూడదు. పెట్రోల్‌లో అది కరిగి జెట్లలోకి పోతుంది.

విప్పిన వరుసకి తిరగేసి కట్టండి. చెయ్యి తడబడే చోట్లు ఇవి:

పవర్ వాల్వ్. దాని గాస్కెట్ వాల్వ్ మెడకి మధ్యలో కూర్చుందో లేదో చూసి బిగించండి. పక్కకి జరిగితే అక్కడి నుంచి పెట్రోల్ కారి ఇంజన్ ఎప్పుడూ రిచ్‌గా (పెట్రోల్ ఎక్కువై) నడుస్తుంది. వాల్వ్ మీద 65 అని ఉంటే వ్యాక్యూమ్ 6.5 అంగుళాలకి పడినప్పుడు తెరుచుకుంటుందని అర్థం. ఐడిల్ వ్యాక్యూమ్‌లో సగానికి దగ్గరగా ఉండే నంబరు ఎంచుకోండి. ఆటోమేటిక్ కారైతే డ్రైవ్‌లో పెట్టినప్పటి వ్యాక్యూమ్‌నే లెక్కలోకి తీసుకోవాలి. వ్యాక్యూమ్ 12 దాటిన ఇంజన్లకి 65 చక్కగా సరిపోతుంది.

సెకండరీ డయాఫ్రమ్. రాడ్‌ని పూర్తిగా పైకి నొక్కి పట్టుకుని మూత బిగించాలి. అప్పుడే రబ్బరు ముడత పడదు. బిగించాక రాడ్ పైకి నొక్కి, వ్యాక్యూమ్ రంధ్రం వేలితో మూసి రాడ్ వదలండి. అది పైనే నిలబడాలి. మెల్లగా దిగిపోతే డయాఫ్రమ్ నలిగింది, మళ్ళీ విప్పాలి.

ట్రాన్స్‌ఫర్ ట్యూబ్. రెండు ఓ-రింగులకీ కొంచెం వేజలీన్ రాసి నెట్టండి. పొడిగా నెడితే రింగు తెగి, స్టార్ట్ చేసిన వెంటనే పెట్రోల్ మానిఫోల్డ్ మీద కారుతుంది.

బౌల్ స్క్రూలు. ప్రతి స్క్రూకీ కొత్త వాషర్ గాస్కెట్ వెయ్యాలి. నట్ డ్రైవర్ పిడి చేత్తో పట్టుకుని ఎదురుబదురుగా బిగిస్తే చాలు. ర్యాచెట్ వాడొద్దు.

## 8. బల్ల మీదే చేసుకోవాల్సిన సెట్టింగులు

కారు మీద ఎక్కించాక ఇవి చెయ్యడం కష్టం, కొన్ని అసలు కనబడవు కూడా.

ఫ్లోట్ డ్రై సెట్టింగ్. ఇది బౌల్ బిగించే ముందే చూసుకోవాలి. బౌల్‌ని తలకిందులుగా పట్టుకుంటే ఫ్లోట్ బౌల్ పైకప్పుకి సమాంతరంగా ఉండాలి. ఇది మొదటి అంచనా మాత్రమే.

ప్రైమరీ థ్రాటిల్ పలకలు. కార్బొరేటర్‌ని తిరగేసి చూస్తే, మూసిన పలక అంచు దగ్గర నిలువుగా ఒక సన్నటి చీలిక కనిపిస్తుంది. అదే ట్రాన్స్‌ఫర్ స్లాట్. పలక కింద అది 0.020 నుంచి 0.040 అంగుళాలు, అంటే ఇంచుమించు చిన్న చతురస్రంలా కనిపించేలా ఐడిల్ స్పీడ్ స్క్రూ తిప్పండి. చీలిక పొడుగ్గా కనిపిస్తోందంటే పలకలు ఎక్కువ తెరుచుకున్నాయి. అప్పుడు మిక్స్చర్ స్క్రూలు ఎంత తిప్పినా ఇంజన్ మాట వినదు. ఈ ఒక్క పని చాలామంది వదిలేస్తారు, ఆ తర్వాత వారాల తరబడి ఐడిల్‌తో కుస్తీ పడతారు.

సెకండరీ పలకల స్టాప్ స్క్రూ. పలకలు గోడకి తగిలి ఇరుక్కోకుండా ఉండేటంత మాత్రమే తెరవాలి. స్క్రూ లివర్‌కి తాకిన దగ్గర నుంచి పావు, మహా అయితే అర రౌండు.

యాక్సిలరేటర్ పంప్. థ్రాటిల్ పూర్తిగా తెరిచి పట్టుకుని, పంప్ లివర్‌ని చివరిదాకా నొక్కితే, లివర్‌కీ పంప్ ఆర్మ్ స్క్రూకీ మధ్య 0.015 అంగుళాల ఫీలర్ దూరాలి. థ్రాటిల్ మూసినప్పుడు మాత్రం అస్సలు లూజు ఉండకూడదు. థ్రాటిల్ కదలగానే పంప్ కదలాలి.

మిక్స్చర్ స్క్రూలు. మెల్లగా మూసి, రెండింటినీ ఒకటిన్నర రౌండు చొప్పున తెరవండి. బలంగా మూస్తే మొన మీద గాడి పడుతుంది.

## 9. ఎక్కించడం, మొదటి స్టార్ట్

గుడ్డ తీశారా? పాత గాస్కెట్ ముక్కలు గీకేశారా? కొత్త గాస్కెట్ పెట్టి, నట్లని ఎదురుబదురుగా, కొద్దికొద్దిగా 5 నుంచి 7 ఫుట్ పౌండ్ల దాకా బిగించండి. ఒక మూల పూర్తిగా బిగించాక రెండో మూలకి వెళ్తే థ్రాటిల్ బాడీ చెవి విరుగుతుంది.

స్టార్ట్ చేసే ముందు చూసుకోవాల్సినవి:

- కొత్త ఫ్యూయల్ ఫిల్టర్ వేశారు
- రిటర్న్ స్ప్రింగులు రెండూ ఉన్నాయి
- పెడల్ పూర్తిగా నొక్కితే పలకలు నిలువుగా తెరుచుకుంటున్నాయి, వదిలితే టప్పున మూసుకుంటున్నాయి
- ఎలక్ట్రిక్ చోక్ అయితే దాని వైరు కీ ఆన్ చేసినప్పుడే 12 వోల్టులు వచ్చే చోట కలిసింది, కాయిల్‌కి కాదు
- వాడని పోర్టులకి మూతలు ఉన్నాయి

బౌల్ వెంట్ ట్యూబ్‌లోంచి చిన్న సీసాతో కొంచెం పెట్రోల్ పోస్తే సెల్ఫ్ ఎక్కువసేపు కొట్టనక్కర్లేదు. గొంతులో పెట్రోల్ పోస్తూ ఇంకొకరిని కీ తిప్పమనడం మాత్రం వద్దు. బ్యాక్‌ఫైర్ వస్తే ముఖం కాలుతుంది.

స్టార్ట్ అవగానే మొదటి నిమిషం లీకుల కోసమే చూడండి. తడి కనిపిస్తే వెంటనే ఆపెయ్యండి.

## 10. ఫ్లోట్ లెవెల్

మిక్స్చర్ కంటే ముందు ఇది సరిచెయ్యాలి. లెవెల్ మారితే మిక్స్చర్ సెట్టింగ్ మళ్ళీ మొదటికొస్తుంది.

కారు సమతలంగా ఉండాలి. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా, కింద గుడ్డ పట్టుకుని, బౌల్ పక్కనున్న సైట్ ప్లగ్ తియ్యండి. పెట్రోల్ ఆ రంధ్రం కింది అంచు దగ్గర ఉండి, కారుని కొంచెం ఊపితే చెమ్మలా బయటికి రావాలి. ధారగా కారితే లెవెల్ ఎక్కువ. ఊపినా రాకపోతే తక్కువ.

సరిచేసేటప్పుడు ఇంజన్ ఆపండి. బౌల్ పైన మధ్యలోని లాక్ స్క్రూ లూజు చేసి, 5/8 నట్‌ని కుడివైపు తిప్పితే లెవెల్ తగ్గుతుంది, ఎడమవైపు తిప్పితే పెరుగుతుంది. ఒకసారికి పావు రౌండు కూడా దాటొద్దు. లాక్ స్క్రూ బిగించి, స్టార్ట్ చేసి మళ్ళీ చూడండి. ఎక్కువ ఉన్న లెవెల్‌ని తగ్గించాక, బౌల్‌లోని పెట్రోల్ కాస్త ఖర్చయ్యేదాకా తేడా తెలియదు. రెండు బౌళ్ళకీ ఇదే పద్ధతి.

## 11. ఐడిల్ మిక్స్చర్

ఇంజన్ పూర్తిగా వేడెక్కాలి, చోక్ పూర్తిగా తెరుచుకోవాలి. హ్యాండ్ బ్రేక్ వేసి చక్రాలకి అడ్డు పెట్టండి. వ్యాక్యూమ్ గేజ్, టాకోమీటర్ కళ్ళ ముందుండాలి.

1. ఒక స్క్రూని ఎనిమిదో వంతు రౌండు లోపలికి తిప్పి కొన్ని సెకన్లు ఆగండి. లోపలికి తిప్పితే లీన్ (పెట్రోల్ తక్కువ), బయటికి తిప్పితే రిచ్.
2. రెండో పక్క స్క్రూని కూడా అంతే తిప్పండి. రెండూ ఎప్పుడూ సమానంగా ఉండాలి.
3. వ్యాక్యూమ్ పెరిగేదాకా ఆ దిశలోనే వెళ్ళండి, తగ్గడం మొదలవగానే వెనక్కి రండి.
4. ఆర్‌పీఎం పెరిగితే ఐడిల్ స్పీడ్ స్క్రూతో తగ్గించి, మళ్ళీ 1 నుంచి చెయ్యండి.
5. ముల్లు అన్నిటికంటే పైన నిలకడగా నిలిచిన చోట ఆపెయ్యండి.

ఆటోమేటిక్‌ని డ్రైవ్‌లో 600 నుంచి 650 దగ్గర, మాన్యువల్‌ని 750 దగ్గర పెట్టుకోవచ్చు. డ్రైవ్‌లో సరిచూసేటప్పుడు సీట్లో ఒకరు బ్రేక్ నొక్కి పట్టుకునే ఉండాలి, మీరు కారు ముందు నిలబడకూడదు.

స్క్రూలు రెండూ పూర్తిగా మూసినా ఇంజన్ ఆగలేదా? ముందు రెండు కారణాలు చూడండి: పలకలు ఎక్కువ తెరుచుకుని ట్రాన్స్‌ఫర్ స్లాట్ నుంచి పెట్రోల్ వస్తోంది, లేదా పవర్ వాల్వ్ చిరిగింది. 1992కి ముందు తయారైన హాలీల్లో బ్యాక్‌ఫైర్ వచ్చినప్పుడు వాల్వ్ డయాఫ్రమ్‌ని కాపాడే చెక్ బాల్ లేదు. మీది పాతదైతే మొదట వాల్వ్‌నే అనుమానించండి.

## 12. రోడ్డు మీద చూసుకోవాల్సినవి

ఒకసారికి ఒక్కటే మార్చండి. మార్చింది రాసుకోండి. ఇది పాటించకపోతే మిగతా భాగం చదవడం దండగ.

పికప్‌లో తడబాటు. పెడల్ నొక్కిన క్షణంలో ఒక్కసారి చచ్చినట్టై, తర్వాత అందుకుంటే పంప్ పెట్రోల్ చాలడం లేదు. ముందు ఇంజన్ ఆపి, గొంతులోకి చూస్తూ థ్రాటిల్ తిప్పండి. స్క్విర్టర్ వెంటనే రెండు ధారలు చిమ్మాలి. చిమ్ముతున్నా తడబడితే 31 నంబరు స్క్విర్టర్ తీసి 35 వెయ్యండి. ఆ అంకె రంధ్రం కొలత: 31 అంటే 0.031 అంగుళాలు. నొక్కగానే నల్ల పొగ వచ్చి మందగిస్తే చిన్న నంబరుకి వెళ్ళండి.

సెకండరీలు. "న్యూట్రల్‌లో ఎంత రేజ్ చేసినా వెనక పలకలు తెరుచుకోవడం లేదు" అని కంగారు పడుతుంటారు. వ్యాక్యూమ్ సెకండరీలు లోడ్ లేకుండా తెరుచుకోవు, అది లోపం కాదు. చూడాలంటే డయాఫ్రమ్ రాడ్‌కి, డబ్బా అడుగుకి ఆనేలా పేపర్ క్లిప్ తగిలించి, ఖాళీ రోడ్డు మీద ఫుల్ థ్రాటిల్ ఇచ్చి వచ్చి, క్లిప్ ఎంత కిందికి జరిగిందో చూడండి. ఫుల్ థ్రాటిల్‌లో మధ్యలో బొగ్ అయితే (బలం పడిపోతే) అవి తొందరగా తెరుచుకుంటున్నట్టు. ఇంకొంచెం గట్టి స్ప్రింగ్ వెయ్యండి. హాలీ స్ప్రింగుల్లో తెల్లది అన్నిటికంటే మెత్తన, నల్లది అన్నిటికంటే గట్టిది.

మెయిన్ జెట్లు. ఇవి చివరి పని. పైవన్నీ సరిగ్గా ఉంటే స్టాక్ 350కి ఫ్యాక్టరీ జెట్లు మార్చాల్సిన అవసరం చాలాసార్లు రాదు. ఒకే వేగంలో వెళ్తున్నప్పుడు కారు ముందుకీ వెనక్కీ లాగుతున్నట్టుంటే లీన్. వైడ్‌బ్యాండ్ మీటర్ (గాలికీ పెట్రోల్‌కీ ఉన్న నిష్పత్తి చూపేది) ఉంటే క్రూజ్‌లో 14 పరిసరాల్లో, ఫుల్ థ్రాటిల్‌లో 12.5 నుంచి 13 మధ్య చూసుకోండి. మారిస్తే రెండు నంబర్లు చొప్పున మార్చండి. ఎత్తైన ఊళ్ళలో ప్రతి 2,000 అడుగులకి ఒక నంబరు తగ్గించాలి. డెన్వర్ ఎత్తు 5,280 అడుగులు కాబట్టి, సముద్ర మట్టానికి సెట్ చేసిన కార్బొరేటర్‌కి అక్కడ రెండు, మూడు నంబర్లు తగ్గుతాయి. జెట్‌ని డ్రిల్‌తో పెద్దది చెయ్యొద్దు. కొత్త జత ఖరీదు ఎంతని!

## 13. లక్షణం చూసి కారణం పట్టుకోవడం

- చల్లగా ఉన్నప్పుడు బాగుంది, వేడిగా ఉన్నప్పుడు ఆపితే స్టార్ట్ అవ్వదు: ఇంజన్ వేడికి బౌల్‌లో పెట్రోల్ మరిగి గొంతులోకి కారుతోంది. కార్బొరేటర్ కింద ఫినాలిక్ స్పేసర్ (వేడి ఎక్కనివ్వని దిమ్మ) వెయ్యండి. హుడ్ ఎత్తు సరిపోతుందో లేదో ముందే కొలుచుకోండి.
- వెంట్ ట్యూబ్‌లోంచి పెట్రోల్ పొంగుతోంది: సీటులో చెత్త ఇరుక్కుంది, ఫ్లోట్ మునిగింది, లేదా పంప్ ప్రెషర్ ఎక్కువ. బౌల్‌ని మెల్లగా తట్టితే ఆగితే చెత్తే.
- ఆపాక కూడా ఇంజన్ కాసేపు తన్నుకుంటోంది: ఐడిల్ స్పీడ్ ఎక్కువ, లేదా టైమింగ్ వెనకబడింది.
- బ్రేక్ గట్టిగా వేస్తే ఆగిపోతోంది: ఫ్లోట్ లెవెల్ ఎక్కువై పెట్రోల్ ఎగసి గొంతులో పడుతోంది.
- హైవే మీద కాసేపటికి బలం తగ్గుతోంది: ఫ్యూయల్ ఫిల్టర్, ట్యాంక్‌లోని స్ట్రైనర్, పాత రబ్బరు గొట్టాలు చూడండి. కార్బొరేటర్ చివర్లో.

## 14. చలికాలం పక్కన పెట్టేముందు

నవంబర్‌లో కవర్ కప్పి ఏప్రిల్‌లో తీసే కార్లకి, బౌల్‌లో మిగిలిన ఇథనాల్ గ్యాసే శత్రువు. ట్యాంక్ నింపి, స్టెబిలైజర్ పోసి, అది కార్బొరేటర్ దాకా చేరేలా పది నిమిషాలు నడపండి. దగ్గర్లో ఇథనాల్ కలపని గ్యాస్ దొరికితే చివరి ట్యాంక్ దానితో నింపడం ఇంకా మంచిది. వాడిన ద్రావకం, పాత పెట్రోల్ డ్రైనేజీలో పొయ్యకండి. మీ కౌంటీ ప్రమాదకర వ్యర్థాల సేకరణ కేంద్రంలో ఇచ్చెయ్యవచ్చు. వసంతంలో మొదటిసారి స్టార్ట్ చేసే ముందు పంప్ మూత, బౌల్ గాస్కెట్లు, ట్రాన్స్‌ఫర్ ట్యూబ్ చివర్లు తడిగా ఉన్నాయేమో వేలితో తడిమి చూడండి. చల్లని వాతావరణంలో ముడుచుకున్న గాస్కెట్‌కి, బౌల్ స్క్రూలు ఎనిమిదో వంతు రౌండు బిగిస్తే సరిపోతుంది.